ఆ పచ్చను మార్చమన్నది నేనే

ఎనిమిదేళ్ళ కిందట నలుగురు పెద్దమనుషుల ముందు నిలబడి రెండు మాటలు అన్నాను. "నేను చెప్పలేదు." అది అబద్ధం. అప్పటినుంచి ఆ రెండు మాటల బరువు మోస్తూనే తిరుగుతున్నాను. మోస్తూనే తిన్నాను, నిద్రపోయాను, పాఠాలు చెప్పాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, నవ్వాను. అంత బరువున్న మనిషి నవ్వగలడా అని మీరు అడగవచ్చు. నవ్వగలడు. నా మీద నాకున్న కోపానికి అదొక కారణం.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకనే మీతో చెప్పగలుగుతున్నాను. ఒక్క మనవి మాత్రం ముందే చేసుకుంటాను. నా వాక్యాలు కుదురుగా ఉన్నాయని నన్ను నమ్మకండి. వాక్యాలను కుదురుగా నిలబెట్టడం నాకు నేర్పారు. డిగ్రీ చదివిన మూడేళ్ళూ చర్చా పోటీల్లో మా కాలేజీకి నేను తెచ్చినన్ని కప్పులు ఇంకెవరూ తేలేదు. వేదిక ఎక్కేముందు చీటీ తీసేవాళ్ళం. అనుకూలమని వస్తే అనుకూలంగా, ప్రతికూలమని వస్తే ప్రతికూలంగా మాట్లాడేవాళ్ళం. నమ్మకంతో పని లేదు. ఎదుటివాడి మాటలో ఎక్కడ సందుందో కనిపెట్టాలి, అందులో వేలు దూర్చాలి, పెకలించాలి. సూత్రాల గురించి నాకంటే గట్టిగా మాట్లాడేవాడు మా కాలేజీలో లేడు. ఆ విద్యనంతా తీసుకువెళ్ళి, వాదించడం రాని ఒక మనిషి మీద ప్రయోగించాను.

మొదటినుంచి చెబుతాను.

నాకు ఎరుపూ పచ్చా వేరుగా కనబడవు. పుట్టుకతో వచ్చిన లోపం. మాది వరంగల్‌కు కొద్ది మైళ్ళ దూరంలో మిరప పండించే ఊరు. అక్కడ ఈ లోపం దాగదు. ఏడేళ్ళ వయసులో అక్కతో చేనుకు వెళ్ళి, పండు మిరపకాయలు తెంపమంటే పండినవీ పండనివీ కలిపి ఒడినిండా తెంపుకొచ్చాను. "నీయి కండ్లా, గవ్వలారా?" అంది అక్క. చేలో ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆ ఏడాదంతా నా పేరు గవ్వల కండ్లోడు. మరుసటి ఏడాదికి నేనొక ఉపాయం నేర్చాను. పండిన కాయ వేళ్ళ మధ్య కాస్త మెత్తబడుతుంది, తొడిమ తేలిగ్గా వస్తుంది. చూపు చేయలేని పనిని వేళ్ళతో చేయించి, చూపే చేసిందని అందరినీ నమ్మించాను. అది నా మొదటి మోసం. ఏడెనిమిదేళ్ళ పిల్లవాడి మోసాన్ని ఎవరూ తప్పు పట్టరు. నేనూ పట్టను. కానీ దారి అక్కడే పడింది.

కాలేజీలో, రసాయన ప్రయోగశాలలో, ద్రావణం ఎర్రబడే క్షణం నాకు తెలిసేది కాదు. పక్కనున్న మిత్రుడు దగ్గేవాడు. దగ్గు వినగానే చుక్కలు పడే గొట్టం కుళాయి కట్టేసేవాణ్ణి. మూడేళ్ళు అతని దగ్గు మీద ప్యాసయ్యాను. అతనికి తప్ప మరెవరికీ చెప్పలేదు. సత్యం గురించి వేదికల మీద గంట మోగేదాకా మాట్లాడినవాణ్ణి, ఈ చిన్న సత్యం ఎందుకు చెప్పలేకపోయాను? సిగ్గా? సిగ్గే. కాదనుకోవడానికి ఇన్నేళ్ళూ చాలా పెద్ద మాటలు వెతికాను.

డిగ్రీ అయ్యాక వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక సహకార సంఘంలో ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసింది. సంఘానికి అప్పుడప్పుడే విదేశీ ఆర్డర్లు వస్తున్నాయి. నూలుకు అద్దిన రంగు, కొన్నవాళ్ళు పంపిన నమూనాతో సరిపోయిందో లేదో చూసి సంతకం పెట్టడానికి సైన్సు చదివినవాడు కావాలన్నారు. కంటిచూపు సర్టిఫికెట్టు తెమ్మన్నారు. అందులో రంగుల పరీక్ష కూడా ఉంది. రంగురంగుల చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం చూపిస్తారు, చదవాలి. నాకు ఆ పుటల్లో చుక్కలే కనబడతాయి. అంకె కనబడదు.

పుట్టుకతో వచ్చిన దానికి మనిషిని శిక్షించడం అన్యాయమని నాలో నేను వాదించుకున్నాను. గెలిచాను కూడా. ఎదుటి పక్షాన మాట్లాడేవాడు లేడు మరి. ఒకటి చెబుతాను, కోపంతోనే చెబుతాను. అక్కర లేని ఉద్యోగాలకు కూడా ఆ పుస్తకం చూపించి మనుషుల్ని తరిమేయడం అన్యాయమని ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ ఈ ఉద్యోగం రంగు చూడడానికి పెట్టిన ఉద్యోగం. ఇక్కడ ఆ నియమం న్యాయమైనది. ఆ తేడా నాకు తెలుసు. తెలిసే దాటాను.

హైదరాబాదులో ఒక కంటి వైద్యుడు నాలాంటివాళ్ళకు ఎర్రరంగు వేసిన కాంటాక్టు లెన్సు అమరుస్తాడని విన్నాను. ఒక కంటికే పెడతారు. నాకు కుడికంటికి పెట్టాడు. గింజంత బిళ్ళ. పెట్టగానే కన్ను మండి నీళ్ళు ధారగా కారాయి. ఆ నీళ్ళలోంచి కిటికీ బయటికి చూశాను. ఎర్రటి పూల చెట్టొకటి ఉంది అక్కడ. ఎడమకంటితో చూస్తే ఎప్పటిలాగే పూలూ ఆకులూ ఒకే మట్టిరంగు ముద్ద. కుడికంటితో చూస్తే ఆకులన్నీ నీడలోకి దిగిపోయాయి, పూలు నిప్పుకణికల్లా బయటికి వచ్చాయి. రెండు కళ్ళూ తెరిస్తే పూల మీద ఒక మెరుపు, నిలవని మెరుపు, రెండు కళ్ళూ దానికోసం గుంజులాడుకుంటున్నట్టు. ఇరవయ్యొక్కేళ్ళకు మొదటిసారి చెట్టు మీద పువ్వెక్కడుందో దూరంనుంచి చూపించగలిగాను. ఏడ్చాను. లెన్సు మంట వల్ల అనుకున్నాడు వైద్యుడు.

ఆయన మంచివాడు. హెచ్చరించే పంపాడు. "ఇది నీకు రంగు ఇవ్వదు బాబూ, తేడా ఇస్తుంది. ఎరుపు వెలుగును రానిస్తుంది, పచ్చను ఆపేస్తుంది. అందుకని ఒకటి వెలుగుగా, ఒకటి చీకటిగా కనబడతాయి. అంతే. రంగు మీద ఆధారపడే ఉద్యోగం మాత్రం పెట్టుకోకు." తల ఊపాను. ఆ వారంలోనే ఆ బిళ్ళ పెట్టుకుని వెళ్ళి, చుక్కల పుస్తకంలో అంకెలన్నీ చదివి, సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను.

సంఘంలో రంగు అద్దే పెద్ద మేస్త్రి జక్రయ్య. అప్పటికి యాభై ఐదు దాటి ఉంటాయి. చిన్నప్పుడు క్రైస్తవ మిషను వాళ్ళ కార్ఖానాలో అద్దకం నేర్చుకున్నాడు. చేతులు మోచేతులదాకా ఏనాటివో రంగులు పట్టి ఉండేవి. రంగు చూసే పద్ధతి ఒకటి ఉండేది ఆయనకు. పొద్దున్నే చూడాలి. ఎండలో కాదు, అద్దకపు షెడ్డుకు ఉత్తరం వైపు చూరు కింద నీడలో. నూలు చిలప, అంటే నూలుకట్ట, పూర్తిగా ఆరి ఉండాలి. ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకుని ముందు కాసేపు దానికేసే చూసేవాడు. కన్ను కడుక్కోవడం అనేవాడు దాన్ని. ఆ తర్వాతే నమూనానూ చిలపనూ పక్కపక్కన పెట్టేవాడు. తడి నూలు మీద, దీపం కింద, చచ్చినా మాట చెప్పేవాడు కాదు. "దీపం కింద నా భార్య చీర సుత గుర్తువట్ట సారు" అనేవాడు. "ఒకసారి పక్కింటామెను పిలిసిన, అప్పటిసంది బంద్ వెట్టిన." షెడ్డులో అందరూ నవ్వేవారు.

నా కన్ను సంగతి మొదటి నెలలోనే పట్టాడు. రంగులతో బతికేవాడి దగ్గర ఎర్రబిళ్ళ దాగుతుందా? "ఏం సారు, నీ కుడికన్ను ఎడమకన్నుకు సవతిబిడ్డ లెక్కున్నది?" అన్నాడొక ఉదయం. కలక వచ్చిందనీ మందు వేస్తున్నాననీ చెప్పాను. "మందా" అని, ఇంకో క్షణం చూసి, పనిలో పడ్డాడు.

ఏడాదిన్నర బాగానే గడిచింది. నిజం చెప్పాలంటే నేను బాగా చూశానని కాదు, జక్రయ్య తప్పు చేసేవాడు కాదు. ఆయన సరిపోయిందన్నదానికి నేను సంతకం పెట్టేవాణ్ణి. అది నా ప్రతిభ అనుకున్నాను. లెన్సుతో నా తిప్పలు నాకుండేవి. వెలుతురు తగ్గితే కుడికన్ను మూసుకున్నట్టే. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె, ఉన్న దారిలో కాక కాస్త ముందుకూ వెనక్కూ వంపు తిరిగి పోతున్నట్టు కనబడేది. ఎదురొచ్చే సైకిలు ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. ఇవన్నీ నాకు చెబుతూనే ఉన్నాయి, ఈ కన్ను నిజం చూడడం లేదని. నేను వినలేదు.

ఆ ఏడు వానాకాలానికి ముందు ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. ఎర్రటి నేల, ఆకుపచ్చ పట్టీలు. పచ్చకు నమూనాగా ఉన్నిపోగుల కుచ్చు ఒకటి పంపారు. జక్రయ్య మూడుసార్లు అద్దాడు. మూడోసారి చిలప తెచ్చి, ఉత్తరం చూరు కింద తెల్లగుడ్డ మీద ఉన్నికుచ్చు పక్కన పెట్టి, నన్ను పిలిచాడు. ఇద్దరమే ఉన్నాం.

కుడికంటికి నూలు నల్లగా కనబడింది, ఉన్ని కాస్త తేలిగ్గా కనబడింది. ఎడమకంటికి రెండూ మట్టే. కుడికన్ను నాకు కొత్తగా వచ్చిన కన్ను కదా. దాన్ని నమ్మాను. నూలు నల్లగా ఉందనీ పసుపు కలిపి మళ్ళీ ముంచమనీ చెప్పాను.

"నల్లగనా? ఏడ సారు?" అన్నాడు. "ఇది ఉన్ని, ఇది నూలు. రెండు ఒక్క తల్లి పిల్లలే. జర మంచిగ సూడు."

తేడా స్పష్టంగా కనబడుతోందన్నాను.

"నాకైతే కనవడ్తలేదు. నేనైతే వద్దంటాన."

మీకు కనబడనిది నాకు కనబడుతోందేమో అన్నాను. ఆయన నలభై ఏళ్ళ చూపు ముందు, ఇరవై మూడేళ్ళ నేను. ఆయన చిలపను తీసుకుని భుజాన వేసుకుని, "దస్కతు నీది సారు" అని రంగు గంగాళం వైపు వెళ్ళాడు. మళ్ళీ ముంచి తెచ్చినదానికి సంతకం పెట్టాను.

ఇందాకటిదాకా చేసింది తప్పు. ఇక్కడినుంచి నేరం.

నేయడం పూర్తయింది. సరుకు వెళ్ళింది. వెళ్ళిన సరుకు వెళ్ళినట్టే తిరిగొచ్చింది. పట్టీలు ఆకుపచ్చ కాదు, కళ్ళు చెదిరే చిలకపచ్చ అని ఉత్తరం. కట్టలు విప్పుతుంటే నేసినవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. రెండు నెలలు గుంటమగ్గాల్లో కాళ్ళు దించుకుని చేసిన పని అది. ఎవరూ గట్టిగా అరవలేదు. అరిస్తే బాగుండేది.

ఏం జరిగిందో నాకు ఆ సాయంత్రమే అర్థమైంది. భౌతికశాస్త్రం చదివినవాణ్ణి. ఉన్నికి అక్కడివాళ్ళు వేసిన రంగుమందు వేరు, నూలుకు జక్రయ్య వేసినది వేరు. వేర్వేరు మందులతో తెచ్చిన రెండు పచ్చలు మంచి కంటికి ఒక్కటిగానే కనబడవచ్చు. కానీ ఒక్కొక్కటీ తిప్పికొట్టే ఎరుపు వెలుగు సమానంగా ఉండదు. నా కుడికంటి బిళ్ళ ఆ ఎరుపును మాత్రమే లోపలికి రానిస్తుంది. అందుకని, లోకానికి ఒకటైన రెండు రంగులు నాకొక్కడికి వేరయ్యాయి. జక్రయ్య పచ్చ సరిగ్గా ఉంది. దాన్ని చెడగొట్టించింది నేను. ఇది నాకు విచారణకు మూడు రోజుల ముందే తెలుసు. ఈ వాక్యాన్ని మీరు మరోసారి చదవండి. ఆవేశంలో నోరు జారానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

విచారణ సంఘం ఆఫీసులో జరిగింది. వాన పడుతోంది. మధ్యాహ్నమే ట్యూబులైట్లు వేశారు. ముగ్గురు డైరెక్టర్లు, కార్యదర్శి. జక్రయ్యను అడిగారు. "సారు పసుపు కలుపుమన్నడు, కలిపిన" అన్నాడు. నన్ను అడిగారు. అప్పుడే ఆ రెండు మాటలు అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చాయో. చీటీలో ప్రతికూలమని వచ్చినట్టే ఉంది.

అంతటితో ఆగినా కొంత మిగిలేది. ఆగలేదు. నేను సంతకం పెట్టింది పసుపు కలపకముందు చూపిన చిలపకేనన్నాను. మేస్త్రి వయసు గుర్తుచేశాను. ఈ వయసులో కంట్లో పొర కమ్మడం సహజమన్నాను, దాన్ని ఎవరూ తప్పుగా భావించనక్కరలేదన్నాను. జాలి చూపించాను. అర్థమవుతోందా? నా కంటి లోపాన్ని తీసి ఆయన కంట్లో పెట్టి, దానికి నేనే జాలిపడ్డాను. అనుమానం తీరాలంటే పరీక్ష పెట్టవచ్చని కూడా సూచించాను. పది చిలపలు తెప్పించి బల్ల మీద, ట్యూబులైటు కింద పరిపించాను. ఆ దీపం కింద ఆయన రంగు చెప్పడని నాకు తెలుసు. అందుకే పరిపించాను.

జక్రయ్య చిలపలను ముట్టుకోలేదు. "దీపం కింద నేను చెప్ప. పొద్దుగాల బయటికి తేండ్రి. పది గాదు, నూరు చెప్త" అన్నాడు. నేను లేచి, మంచి చూపున్నవాడికి దీపమైనా సూర్యుడైనా ఒకటే కదా అన్నాను. పరీక్షకు సిద్ధపడనివాడే వాయిదా అడుగుతాడన్నాను. అందులో ఎంత కుతర్కం ఉందో ఇంటర్మీడియట్ పిల్లవాడు కూడా చెప్పగలడు. నలుగురు పెద్దమనుషులు తలలు ఊపారు. వాళ్ళ మీద నాకిప్పటికీ కోపమే. ముప్పై ఏళ్ళు వాళ్ళ కళ్ళెదుట రంగు తప్పని మనిషి మాట కంటే, ఇంగ్లీషు ముక్కలు వచ్చిన కుర్రవాడి మాట వాళ్ళకెందుకు బరువనిపించింది? తెల్లవారేదాకా ఆగి చిలపలు చూరు కిందికి తీసుకువెళ్ళడానికి ఏమడ్డం వచ్చింది? అయినా వాళ్ళు నమ్మారు, అంతే. అబద్ధం చెప్పింది నేను. నా కోపాన్ని వాళ్ళ మధ్య పంచడం కూడా ఒక వాదనా కౌశలమే. ఆ కౌశలం ఇప్పుడు వద్దు.

జక్రయ్యను పనిలోంచి తీసేశారు.

ఆ ఆదివారం ఆయన సుబేదారిలో నా గదికి వచ్చాడు. చర్చినుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. తెల్లని పంచె, తెల్లని చొక్కా, వాటిలోంచి రంగు పట్టిన చేతులు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఒక్క మాట అడుగుత సారు. నువ్వు చెప్పలేదా?"

"కమిటీ ముందు అయిపోయిన విషయం కదా మేస్త్రీ."

"ఈడ కమిటీ లేదు. నువ్వు, నేను, నీ మంచం. చెప్పలేదా?"

"నేనన్నది ఒకటి, మీరు విన్నది ఒకటి అయివుండవచ్చు."

"ఇగ నా చెవులు సుత పోయినయంటవా?"

నేను కిటికీ వైపు తిరిగాను.

"నీ కంట్ల ఏమున్నదో నాకు ఎర్కే" అన్నాడు. "అద్దం బిళ్ళ. ఎర్రది. నల్లా కాడ మొగం కడుగుతప్పుడు తీసినవు, పెట్టుకున్నవు. సూసిన."

అయినా నా బుర్ర ఆగలేదు, సందు వెతికింది. "మరి కమిటీకి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఏమని జెప్పాలె? 'గుడ్డోడు నా కన్ను సూసిండట' అంటవు. నలుగురు నవ్వుతరు. నీ నోటి ముంగట నా మాట నిలుస్తదా?" అన్నాడు. "నువ్వే పోయి చెప్పు సారు. నీకేంది, సదువుకున్నవు, ఇంకో నౌకరి దొర్కుతది. నాకు ఇదొక్కటే ఎర్కే. కన్ను పోయిందన్న పేరొస్తే నాకు చిలప ఇచ్చేటోడు ఎవడు?"

నేనేమన్నానో వినండి. "మీరు దాన్ని నిరూపించలేరు మేస్త్రీ" అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. దూరాన ఉన్న మనిషిని పోల్చుకోవడానికి చూసినట్టు. "నిరూపిస్త అన్ననా?" అన్నాడు. "నిన్ను జెప్పుమన్న."

వెళ్ళిపోయాడు.

చెప్పలేదు. ఆయన భయపడ్డదే జరిగింది. కొత్తవాడలో ఆయన పేరు గుడ్డి మేస్త్రి అయింది. ఎవరూ రంగు పని ఇవ్వలేదు. ఇతరుల షెడ్లలో, వేరేవాళ్ళు అద్దిన నూలును నీళ్ళలో జాడించే పనికి కుదిరాడు. ఒకసారి దూరంనుంచి చూశాను. వంగి చిలపలు జాడిస్తున్నాడు. పక్కసందులోకి సైకిలు తిప్పాను.

ఇంకో ఏడాది అక్కడే పనిచేసి మానేశాను. మానేసిన రోజు ఆ బిళ్ళను కాలికింద వేసి నలిపాను, ఏదో త్యాగం చేసినట్టు. త్యాగమట. అప్పటికి దానితో నాకు అవసరం తీరిపోయింది. తర్వాత జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే పనిలో చేరాను. కాంతి పాఠం వచ్చినప్పుడల్లా ఎర్రగాజులోంచి పచ్చ ఆకు నల్లగా ఎందుకు కనబడుతుందో పిల్లలకు చక్కగా వివరిస్తాను. ఎన్నిసార్లు వివరించానో. ఒక్కసారైనా నోరు ఎండలేదు. మనిషి ఇంత మొద్దుబారగలడా?

చర్చా పోటీలకు పిల్లల్ని తయారుచేసేది కూడా నేనే. మొన్న ఒక విద్యార్థిని అడిగింది. "సార్, మేము నమ్మని పక్షాన్ని గెలిపిస్తున్నాం గదా. అది తప్పు కాదా?" ఆలోచనకు పదును, రెండు వైపులా చూసే నేర్పు, అంటూ నేనొక అందమైన సమాధానం చెప్పాను. శ్రద్ధగా విని, "జవాబు మంచిగుంది సార్, కానీ నేనడిగిన దానికి కాదు" అంది. క్లాసు నవ్వింది. నేను పుస్తకం మూసి, గంట కాకుండానే బయటికి వచ్చాను.

ఆ సాయంత్రం కూర్చుని జరిగినదంతా ఒక కాగితం మీద రాశాను. రాస్తూ రాస్తూ ఎన్నిసార్లు పట్టుబడ్డానో. "పొరపాటు జరిగింది" అని రాసి కొట్టేశాను. "ఆనాటి పరిస్థితులలో" అని రాసి కొట్టేశాను. చివరికి మిగిలింది అర పుటే. అడుగున పేరు పెట్టి, మర్నాడు పొద్దున్నే జక్రయ్య ఇంటికి తీసుకువెళ్ళి ఆయన చేతికిచ్చాను.

ఆయన అద్దాలు పెట్టుకుని, గుమ్మంలో నిలబడే, ఒక్కొక్క మాటా పెదవులు కదిలిస్తూ చదివాడు. ముసలివాడయ్యాడు. చేతుల మీద రంగులు వెలిసి, చర్మం రంగు బయటపడింది. చదివి మడత పెట్టాడు.

"ఇది నాకెందుకు ఇస్తానవ్? ఇందుల నాకు తెల్వనిదేమున్నది?" అన్నాడు. చెప్పులు వేసుకున్నాడు. "నడువు."

ముందు ఆయన, వెనక సైకిలు తోసుకుంటూ నేను. సంఘం షెడ్డు దాకా నడిచాం. మగ్గాలు ఆడుతున్నాయి. ఆయన లోపలికి వెళ్ళి చెయ్యెత్తాడు. ఒక్కొక్కటే ఆగాయి. ఆనాటివాళ్ళు సగం మంది ఉన్నారు, సగం కొత్తవాళ్ళు. కాగితం నా చేతిలో పెట్టాడు.

చదివాను. పెద్ద గొంతు రాలేదు. వేదిక మీది గొంతు ఎక్కడో పోయింది. వెనకవాళ్ళకు వినబడలేదంటే మొదటినుంచి మళ్ళీ చదివాను. ఎర్రబిళ్ళ అంటే ఏమిటని ఒకరు అడిగితే చెప్పాను. మేస్త్రి అద్దిన పచ్చ సరిగ్గా ఉందా అని ఇంకొకరు అడిగారు. ఉందన్నాను. మరి దీపం కింద పరీక్ష పెట్టించింది నువ్వేనా అని అడిగారు. నేనేనన్నాను. ఒకరెవరో నేల మీద ఉమ్మేశారు. కండెలు చుట్టే ముసలామె ఒకామె రాట్నం మీంచి చెయ్యి తీయకుండానే, "ఇన్నేండ్లు ఏం జేసినవయ్యా?" అంది. తిట్టలేదు. తెలుసుకోవాలని అడిగింది.

పాఠాలు చెప్పానన్నాను.

జక్రయ్య నా చేతిలోంచి కాగితం తీసుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, నావైపు చూడకుండా వెళ్ళిపోయాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు. అడిగే హక్కుందా లేదా అని వాదించుకోలేదు కూడా.

ఇక్కడ పేరెందుకు పెట్టలేదని మీరు అడిగితే, నా పేరు వినవలసినవాళ్ళు విన్నారు. అచ్చులో పేరు పెడితే ఇది కూడా నేను గెలిచిన ఇంకో కప్పు అవుతుందేమోనని భయం. నాకు నా సంగతి తెలుసు.

ఆ ఎనిమిదేళ్ళూ తిరిగి రావు. ఆయన చేతుల మీది రంగు తిరిగి రాదు. నా కోపం తగ్గలేదు, తగ్గకూడదు. కానీ ఆ షెడ్డులోంచి బయటికొచ్చి సైకిలు ఎక్కబోతూ ఒకటి గమనించాను. తర్వాత ఎవరికి ఏం చెప్పాలో నేను ఆలోచించడం లేదు. చెప్పవలసినది చెప్పేశాను. ఊపిరి మామూలుగా ఆడుతోంది.